నేను వెనక్కి తిప్పిన క్యాసెట్

ఈ మధ్య మా క్వార్టర్స్ పిల్లలకి ఒక సరదా పట్టుకుంది. క్రిస్మస్ నెల రాగానే పాత ప్రేమ సినిమాలు వరసపెట్టి చూడాలట. అందులోనూ నవ్వించేవే కావాలి, ఏడిపించేవి వద్దు. ఏడుపులు వార్డులో రోజూ చూస్తున్నాం కదా ఆంటీ, అంటారు. వీళ్ళంతా నర్సులు. సౌదీలోని యాన్బులో ఆసుపత్రికి వెనక వీధిలో ఉన్న రెండంతస్తుల క్వార్టర్స్‌లో పద్దెనిమిది మంది ఉంటారు. సగం మంది మా గోదావరి జిల్లాల వాళ్ళు, మిగతావాళ్ళు గుంటూరు, ఒంగోలు వైపు వాళ్ళు. అందరికీ వండిపెట్టి, ఇల్లు ఊడ్చి, గుడ్డలు మడతపెట్టేదాన్ని నేను. ఇరవై ఏడేళ్ళ వయసులో ఈ వంటింట్లోకి వచ్చాను. ఇప్పుడు మోకాళ్ళు నన్ను మోయనంటున్నాయి. పొద్దున పొయ్యి దగ్గరికి పోయే ముందు మంచం మీద కూర్చుని, లేద్దామా మానేద్దామా అని కాసేపు ఆలోచించే రోజులొచ్చాయి. లేవకపోతే టిఫిను ఎవరు పెడతారు అని లేస్తాను. అంతే తప్ప లేవాలని ఉండి లేచి చాలా కాలమైంది.

ఈసారి వాళ్ళు పెట్టిన మూడో సినిమా గొడుగుల సినిమా. దానికి అసలు పేరు వేరే ఉంది, మేము మాత్రం అలాగే పిలిచేవాళ్ళం. ఒక బస్సు కండక్టరు, టైపు నేర్పే ఒక పంతులమ్మ. వానలో ఇద్దరి గొడుగులూ తారుమారవుతాయి. ఆయన గొడుగు పిడి మీద ఎవరో ఆడమనిషి పేరు చెక్కి ఉంటుంది. అది వాళ్ళమ్మ పేరు. ఈవిడేమో పెళ్ళాం పేరనుకుని, పెళ్ళైన మగాడు నా వెంట పడుతున్నాడని మండిపడుతుంది. అక్కడి నుంచి ఊరంతా పరుగులు. ఆ పంతులమ్మకి ఒక స్నేహితురాలుంటుంది, అసలు సంగతి తెలిసింది ఆ పిల్లకే. చెప్పబోయినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డమొస్తుంది. పిల్లలు కండక్టరు ప్యాంటు వెడల్పు చూసి పడీపడీ నవ్వారు.

"ఒక్క మాట అడిగితే పోయేదిగా," అంది జెస్సీ. అందరిలోకీ చిన్నది, మా నరసాపురం పిల్ల. "ఏవండీ, ఈ పేరెవరిదండీ అని. రెండు గంటల సినిమా రెండు నిమిషాల్లో అయిపోద్ది."

"అడిగేస్తే ఇంక సినిమా ఏముందే," అంది శాంత. శాంత వీళ్ళందరి మీదా పెద్ద సిస్టరు. నాతో పాటు ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో మిగిలిన మనిషి తనొక్కతే. వచ్చే జనవరిలో ఎగ్జిట్ వేయించుకుని ఇంటికి పోతోంది. మళ్ళీ తిరిగి రాదు.

"ఆవిడ అడక్కపోతే పోయింది మేడమ్. అన్నీ తెలిసిన స్నేహితురాలు పక్కనే ఉందిగా. అదన్నా నోరు విప్పొచ్చుగా. నోట్లో ఏం పెట్టుకు కూర్చుందో."

శాంత నవ్వింది. నేను గిన్నెలు తోమాలి అని లేచి వంటింట్లోకి వచ్చేశాను. గిన్నెలు అప్పటికే తోమి బోర్లించి ఉన్నాయి.

ఈ పిల్లలు ఇప్పుడు బజారుకి పోయి క్రిస్మస్ చెట్టు కొనుక్కొచ్చి హాల్లో నిలబెడుతున్నారు, దీపాలు చుడుతున్నారు, ఫొటోలు ఇంటికి పంపుకుంటున్నారు. మా రోజుల్లో ఇక్కడ మన పండగలు చేసుకోనిచ్చేవాళ్ళు కాదు; కాగితంతో నక్షత్రం చేసి, లోపలి గదిలో, కిటికీకి దుప్పటి అడ్డం కట్టాక వేలాడదీసేవాళ్ళం. పాటలు పెదాల మీదే పాడుకునేవాళ్ళం. వార్డెను ఈజిప్టు ఆవిడ. మంచిదే, కానీ వట్టి భయస్తురాలు. చప్పుడు బయటికి పోకూడదు అని సగం అరబ్బీలో, సగం చేతులతో చెప్పేది. చప్పుడైతే ఆపగలిగాం కానీ నూనె వాసన ఎలా ఆపుతాం. గులాబీ పువ్వులు వేసే ఇనప అచ్చు శాంత వాళ్ళమ్మ పెట్టెలో గుడ్డ చుట్టి పంపింది. మైదా, బియ్యప్పిండి, కొబ్బరిపాలు, గుడ్డు కలిపిన పిండిలో కాగిన అచ్చు ముంచి నూనెలో పెడితే, పువ్వు నెమ్మదిగా అచ్చు వదిలి తేలేది. మొదటి నాలుగూ ఎప్పుడూ అంటుకుపోయి విరిగేవి. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన శాంత బట్టలు కూడా మార్చుకోకుండా పొయ్యి పక్కన నిలబడి ఆ విరిగినవన్నీ తినేది. దాని ఒంటి మీద ఆసుపత్రి డెట్టాలు వాసన, నా చేతుల మీద కొబ్బరిపాల వాసన. వార్డెను వాసన పట్టుకుని వచ్చి, తిట్టడానికి నోరు తెరిచి, ఒక పువ్వు అందులో వేసుకుని పోయేది.

క్రిస్మస్‌కి ఇక్కడ సెలవుండదు. ఏడింటికి ఒక డ్యూటీ, మూడింటికి ఒకటి, రాత్రి పదకొండింటికి ఒకటి. అందరూ ఒకచోట కూర్చుని సినిమా చూసే వీలే లేదు. అందుకని మాకొక పద్ధతి ఉండేది. ఒక క్యాసెట్ మూడు రోజులకి అద్దెకి తెప్పించేవాళ్ళం. డ్యూటీ దిగిన వాళ్ళు తమకి ఓపికున్నంత సేపు చూసి, వీసీఆర్ మీద కనబడే నంబరు నాకు చెప్పి పడుకునేవాళ్ళు. ఎవరు ఎక్కడిదాకా చూశారో ఆ నంబర్లన్నీ నేను వంటింటి తలుపు మీద సుద్దతో రాసుకునేదాన్ని. వాళ్ళు మళ్ళీ వచ్చేసరికి సరిగ్గా అక్కడికి తిప్పి ఉంచేదాన్ని. ఎవరికైనా మధ్యలో ముక్క పోతే, కూర తరుగుతూ ఆ కథ నేనే చెప్పేదాన్ని, నవ్వులతో సహా. వార్డెను కూడా తలుపు దగ్గర నిలబడి చూసేది. భాష తెలీక, నవ్వాల్సిన చోట కళ్ళు తుడుచుకునేది. ఇంట్లో సినిమా మొత్తం వరసగా చూసింది నేనొక్కదాన్నే. అందరిదీ అయిపోయాక రీలు మొదటికి తిప్పి డబ్బాలో పెట్టి పంపడం కూడా నా పనే. ఒకసారి తిప్పకుండా పంపితే షాపు ఆయన, మలయాళీ, మీ క్వార్టర్స్‌కి ఇంక ఇవ్వనన్నాడు. అప్పటి నుంచి తిప్పని క్యాసెట్ నా చేతి మీదుగా గేటు దాటలేదు. పెద్ద చదువు లేనిదాన్ని, ఆ ఇంట్లో నాకున్న గొప్ప అదొక్కటే.

ఆ షాపుకి మేము పోయే వీలు లేదు. గురువారం సాయంత్రం బస్సులో బజారుకి తీసుకెళ్ళి, తలలు లెక్కపెట్టుకుని వెనక్కి తెచ్చేవాళ్ళు. క్యాసెట్లు తెచ్చిచ్చేది రాజేశం. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. ఏసీలు బాగుచేసే కంపెనీలో పని, మా క్వార్టర్స్ అతని వంతుకి వచ్చేది. లోపలికి రావాలంటే వెంట బెంగాలీ వాచ్‌మన్ ఉండాలి. వాచ్‌మన్‌కి తెలుగు రాదు. ఆ ఏడు శాంత గదిలో ఏసీ మూడుసార్లు పాడైంది.

"మల్ల నీళ్ళు కారుతున్నయా సిస్టరూ?" అనేవాడు నిచ్చెన మీది నుంచి.

"కారుతున్నాయండీ. మీరు బాగుచేసి వెళ్ళిన నెలకే మొదలు. అదేం పనితనమో మరి."

"నా పనితనం మంచిదే. గా ఏసీకే నేనంటే పాణం. నెల దాటితె సూడకుంట ఉండలేకపోతున్నది."

"అయితే ఏసీని మీ క్యాంపుకి పట్టుకుపోండి."

"పట్టుకపోదామనే ఉన్నది. మీ వార్డెను ఇయ్యాలె గద."

నేను నిచ్చెన పట్టుకుని కింద నిలబడి నవ్వుకునేదాన్ని. వాచ్‌మన్ ఏమంటున్నారని హిందీలో అడిగితే, గ్యాసు అయిపోయిందంటున్నాడు అని చెప్పేదాన్ని. అది మాటలు దాటి అంత దూరం పోయిందని నేననుకోలేదు. వాళ్ళు నాకు చెప్పలేదు. నా నోటికి తాళం లేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ ఏడు క్రిస్మస్‌కి రాజేశం తెచ్చిన క్యాసెట్ ఈ గొడుగుల సినిమానే. మూడో రోజు శాంత మూడింటికి డ్యూటీ దిగి వచ్చి ఆఖరి ముక్క ఒక్కతే కూర్చుని చూసింది. పెళ్ళి అయిపోయింది, గొడుగులు మార్చుకున్నారు, పేర్లు పడిపోయాయి. అది క్యాసెట్ బయటికి తీసి, డబ్బాలో పెట్టి, టీవీ మీద ఉంచింది. "అందరిదీ అయిపోయిందక్కా, డబ్బాలో పెట్టేశాను. రేపు అలాగే పంపించెయ్యి," అంది. సరేనన్నాను. మర్నాడు పొద్దున అది డ్యూటీకి పోయింది. పదింటికి రాజేశం వ్యాను గేటు దగ్గర ఆగుతుంది. పంపే ముందు అలవాటు కొద్దీ డబ్బా తెరిచి చూశాను. రీలంతా చివర్న ఉంది. పాపం, పిల్ల అలిసిపోయి మరిచిపోయింది అనుకున్నాను. నిజంగానే జాలిపడ్డాను. వీసీఆర్‌లో పెట్టి మొదటికి తిప్పుతూ, ఆ మిషను గరగరమంటున్నంత సేపూ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీశాను. గేటు దగ్గరికి పోయి రాజేశం చేతికిచ్చి వచ్చాను.

ఆ శుక్రవారం శాంతకి సెలవు. వంటింట్లోకి వచ్చి, నా పక్కన పీట వేసుకుని, వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది. ఒలిచినవీ ఒలవనివీ ఒకే గిన్నెలో వేస్తోంది.

"అక్కా, నీకొకటి చెప్తాను. ఎవరితోనూ అనకూడదు."

"అనను."

"నువ్వు అంటావు."

"అననే. ముందు చెప్పేడువు."

రాజేశం కాంట్రాక్టు అయిపోయిందట. కంపెనీ ఎగ్జిట్ ఇచ్చేసింది, వచ్చే గురువారం విమానం. మనం పెళ్ళి చేసుకుందామా అని ఆ మూడోసారి ఏసీ విప్పినప్పుడు అడిగాడట. ఇది ఏమీ చెప్పలేకపోయింది. కాగితం రాసుకుంటే, అది ఎవరి చేతిలోనైనా పడితే, ఆ రోజుల్లో ఇద్దరి ఉద్యోగాలూ పోయి జైల్లో కూర్చోవాలి. అందుకని అతనే ఒక ఉపాయం చెప్పాడట. ఇష్టమైతే క్యాసెట్ రీలు ఆఖర్నే ఉంచి పంపించాలి. ఇష్టం లేకపోతే ఎప్పటిలాగే మొదటికి తిప్పి పంపిస్తే చాలు, అతనేమీ అనుకోడు, మళ్ళీ ఆ ఊసెత్తడు. కాదనే మాట ఆడపిల్ల నోటితో అనాల్సిన అవసరం లేకుండా చూశాడన్నమాట. అవునంటే ఊళ్ళో దిగి, తిన్నగా పాలకొల్లు బస్సెక్కి వాళ్ళ నాన్న దగ్గరికి వస్తానన్నాడు.

"ఆఖర్నే ఉంచాను," అంది శాంత. తల ఎత్తలేదు. చెవులు ఎర్రగా అయిపోయాయి. "అలాగే పంపావు కదక్కా?"

"పంపాను," అన్నాను.

ఆ ఒక్క మాట నేను ఎందుకన్నానో ఈ ముప్పై ఏళ్ళలో చాలా రకాలుగా చెప్పుకున్నాను. ఆ క్షణం భయమేసింది, అది నిజమే. దాని ముఖం అలా ఉండగా, నేను తిప్పేశానే అని ఎలా అంటాను. రేపు చెబుదాం అనుకున్నాను. గురువారానికి ఇంకా ఆరు రోజులుంది. మా వాచ్‌మన్ రోజూ సాయంత్రం రొట్టె తినడానికి పోయే హోటలు రాజేశం వాళ్ళ క్యాంపు పక్కనే. క్యాసెట్ అక్క తిప్పింది, సిస్టరు కాదు అని హిందీలో ఒక్క ముక్క చెప్పి పంపితే సరిపోయేది. వాచ్‌మన్ ఆరు సాయంత్రాలు నా ముందు నుంచే చెప్పులేసుకుని పోయాడు. శాంత వాళ్ళ నాన్న చర్చి సంఘంలో పెద్ద, హిందువుల అబ్బాయిని గుమ్మం ఎక్కనిస్తాడా, అనుకున్నాను. దేవుడే నా చేత ఆ రీలు తిప్పించాడేమో అని కూడా అనుకున్నాను. తప్పు చేసిన మనిషికి దేవుడు చాలా దగ్గర్లో దొరుకుతాడు. వీటన్నిటి కిందా ఇంకొకటుంది. నా ఇంటాయన పోయాడు, పిల్లల్లేరు, శాంత కూడా పెళ్ళి చేసుకుని పోతే ఈ వంటింట్లో నా పక్కన పీటేసుకుని కూర్చునే మనిషి ఉండదు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఆ ఆరు రోజులూ శాంత వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. నేను పక్కన కూర్చుని, శుక్రవారానికల్లా ఊళ్ళో ఉంటాడే, ఆదివారానికి మీ నాన్న దగ్గర ఉంటాడే అని వంత పాడాను. తర్వాత ఇంటి నుంచి ఉత్తరాలొచ్చాయి. ఒకదాంట్లో గేదె ఈనిందని, ఇంకోదాంట్లో తమ్ముడు పాసయ్యాడని. ఎవరూ రాలేదు. ఎండలు ముదిరేదాకా చూసి, ఒకరోజు అన్నం తింటూ అంది, "మగాడి మాట ఏసీ గాలి లాంటిదక్కా. స్విచ్చి కట్టేస్తే ఇంక లేదు." నేను దాని కంచంలో ఇంకాస్త పప్పు వేశాను.

తర్వాత వాళ్ళ నాన్న చూసిన సంబంధమే చేసుకుంది. బడిపంతులు, మెత్తని మనిషి, దాన్ని ఏనాడూ ఒక మాట అనలేదు. ఇరవై ఆరేళ్ళ కాపురం. ఏడాదికో నెల సెలవు చొప్పున కలిసి ఉన్నది ఇరవై ఆరు నెలలు. మూడేళ్ళ కింద ఆయన పోయాడు. ఒక్కతే కూతురు, చదువుకుంటోంది. శాంత తన బతుకు బాగాలేదని నాతో ఎప్పుడూ అనలేదు. అలిసిపోయానక్కా అనేది అంతే. అన్నప్పుడల్లా నాకు ఆ గరగర చప్పుడు వినబడేది.

జెస్సీ అన్న మాట ఆ రాత్రి నన్ను పడుకోనివ్వలేదు. ఇప్పటి పిల్లలకి అర్థం కాదు, ఫోను తీసి వేలితో రెండు అక్షరాలు పంపితే అయిపోయే పనికి మేము రీళ్ళతో కబుర్లు పంపుకున్నామంటే. కానీ అది అన్నది ఫోను గురించి కాదు. నోట్లో ఏం పెట్టుకు కూర్చుందో అంది. పక్కింటికి కేకేసినా పోయే కబురది. జనవరి ఇంకెంతో దూరం లేదు. విమానం ఎక్కితే శాంత నాకు ఫోనులో గొంతు మాత్రమే అవుతుంది, ఇలాంటిది ఫోనులో చెప్పలేను.

మర్నాడు శుక్రవారం సాయంత్రం ఇద్దరం సముద్రం ఒడ్డుకి పోయాం. ఇప్పుడు మమ్మల్ని ఎవరూ లెక్కపెట్టరు. కావాల్సినంత సేపు కూర్చోవచ్చు. తిరిగే వయసులో తిరగనివ్వలేదు, తిరగనిచ్చే రోజులొచ్చాక నడుం వాల్చడానికి బెంచీ వెతుక్కుంటున్నాం. ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళాను. ఎదురుగా పిల్లలు గాలిపటం ఎగరేస్తున్నారు.

"శాంతా, రాజేశానికి ఇమ్మని నువ్వు రీలు ఆఖర్న ఉంచిన క్యాసెట్ నేను వెనక్కి తిప్పి ఇచ్చాను," అన్నాను.

అది గాలిపటం వైపే చూస్తూ ఉంది.

"తెలిసే తిప్పావా?"

"తెలీదు. నువ్వు మరిచిపోయావనుకున్నాను."

"డబ్బాలో పెట్టేస్తే ఇంక తెరవవనుకున్నాను నేను," అంది కాసేపటికి. "తెలీక చేసిందానికి నీ తప్పేముందక్కా."

ముప్పై ఏళ్ళుగా నేను వినాలనుకున్న మాట అది. అది పుచ్చుకుని ఇంటికొచ్చేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కానీ అది సగమే.

"నువ్వు అలాగే పంపావా అని అడిగినప్పుడు పంపానన్నాను. అప్పటికి నాకు తెలుసు. అతనింకా ఇక్కడే ఉన్నాడు. ఆరు రోజులున్నాడు."

అప్పుడు నా వైపు తిరిగింది. "ఆరు రోజులు నాతో పాటు కూర్చుని అన్నం తిన్నావు."

"తిన్నాను."

"ఆదివారానికి మా నాన్న దగ్గర ఉంటాడన్నావు."

"అన్నాను."

"నాకిప్పుడు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదక్కా," అంది. గొంతు పెంచలేదు. "ఓపికున్న రోజుల్లో చెప్పాల్సింది."

లేచి రెయిలింగు వెంట నడుచుకుంటూ పోయింది. ఆసుపత్రి వరండాలో నడిచినట్టే, చప్పుడు లేకుండా. నేను వెంట పోలేదు, పిలవలేదు. టీ చల్లారిపోయింది. ఇంక రాదేమో, టాక్సీ పట్టుకుని పోయిందేమో అనుకున్నాను. పోయినా న్యాయమే. దీపాలు వెలిగే వేళకి వెనక్కి వచ్చి, బెంచీకి ఆ చివర కూర్చుంది.

"గేటు దగ్గర ఏమన్నాడు?"

నాకు జ్ఞాపకం లేనిదంటూ లేదు, అదే నా శిక్ష. "నీలం కంపెనీ చొక్కా వేసుకున్నాడు. జుట్టు కొత్తగా కత్తిరించుకున్నాడు. డబ్బా అందుకుని అక్కడే తెరిచాడు. ఎప్పుడూ తెరిచేవాడు కాదు. క్యాసెట్‌కి ఉన్న అద్దంలోంచి చూసి మూత పెట్టాడు. మళ్ళీ తెరిచి చూశాడు. 'మంచిగ తిప్పి పెట్టిన్రక్కా' అన్నాడు. నేను మురిసిపోయి, మా ఇంటి నుంచి ఎప్పుడన్నా తిప్పకుండా వచ్చిందా బాబూ అన్నాను. 'లేదక్కా' అన్నాడు. వ్యాను దాకా పోయి వెనక్కి వచ్చాడు. 'సిస్టరుకు చెప్పున్రి, ఏసీ జాలీ నెలకోపాలి కడుక్కోమనున్రి. ఇగ నేను రాను గద' అన్నాడు."

"జాలీ సంగతి నాకు చెప్పలేదు నువ్వు."

"చెప్పలేదు."

"మళ్ళీ తెరిచి చూశాడా?"

"రెండుసార్లు చూశాడు."

శాంత కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. పిల్లలు గాలిపటం దారం చుట్టుకుంటున్నారు.

"ఇంకోసారి చెప్పు," అంది. "అతను అన్నట్టే చెప్పు. మధ్యలో నీ మాటలు కలపకు."

నేను గొంతు సవరించుకుని, వ్యాను వచ్చి ఆగిన దగ్గర నుంచి మొదలుపెట్టాను.